ఒక్క పేరే ఉన్న ఉత్తర్వు

గొర్రెను దొంగిలించినందుకు టైటస్‌కి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేశారు. అతనుండే సెయింట్ హెలెనాయే సముద్రం మధ్య చిన్న దీవి. అక్కడి మనిషిని ఏ దీవికి పంపాలో కోర్టుకీ తెలియదు, గవర్నరు కచేరీకీ తెలియదు. దగ్గర్లోని మరో ఇంగ్లీషు వలస కేప్‌కి ఉత్తరం రాశారు. మా దగ్గర చోటు లేదు, లండన్‌ని అడగండి అని ఐదు నెలలకి జవాబొచ్చింది. లండన్‌కి రాస్తే, ఖైదీ వయసెంత, బరువు పనులకి పనికొస్తాడా అని అడిగారు. ఆ ఉత్తరాలు అలా ఓడల మీద తిరుగుతుండగా టైటస్ రెండేళ్లపాటు జేమ్స్‌టౌన్ జైలు గోడలకి సున్నం కొట్టాడు.

అతని భార్య డోర్కస్ కొండ మీద చేమదుంపలు పండించేది. ఆమె తల్లిని మడగాస్కర్ నుంచి తెచ్చి అమ్మారు. బానిసలని వదిలేసిన ఏడాదే డోర్కస్ టైటస్‌ని పెళ్లాడింది. ఒక్కడే బిడ్డ, తట్టుతో పోయాడు. దుంపలు కుళ్లిపోయిన ఏడు టైటస్ ఆ గొర్రెను తెచ్చాడు. ఆ కూర ఆమె కూడా తింది. ఆ సంగతి టైటస్ కోర్టులో చెప్పలేదు. అడిగినా చెప్పలేదు.

రేవులోకి ఓడ వస్తోందని ఫిరంగి పేలినప్పుడల్లా డోర్కస్ గంపలో ఉడికిన దుంపలూ చేపా పెట్టుకుని కొండ దిగేది. ముందు కచేరీకి, తరవాత జైలుకి.

"ఉత్తరం వచ్చిందా అయ్యగారూ?"

"మీ ఆయన చాలా గొప్పోడే డోర్కస్," అనేవాడు రైటరు ప్రిచర్డ్. "గవర్నరుగారి అల్లుడి గురించి కూడా ఇన్ని ఉత్తరాలు నడవలేదు."

మూడో ఏడు మొదట్లో జవాబొచ్చింది. వాన్ డీమెన్స్ లాండ్, ప్రపంచం అవతలి కొసనున్న ఖైదీల దీవి. అటు పోయే మొదటి ఓడలో పంపించమని.

"నేనూ వెళ్తానండి," అంది డోర్కస్.

"ఖైదీకైతే సర్కారు ఖర్చు. నువ్వు స్వేచ్ఛగా ఉన్నదానివి, కిరాయి నువ్వే పెట్టుకోవాలి. నీ దుంపలన్నీ అమ్మినా ఓడ నిచ్చెన కూడా ఎక్కలేవు."

"అంటే దొంగనైతే ఊరికే తీసుకెళ్తారా?"

"అంతే మరి!" అని ప్రిచర్డ్ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. మర్నాడు మిట్టమధ్యాహ్నం మిలిటరీ డాక్టరు దొడ్లో దూరి, గొర్రెకి తాడు కట్టి, నడివీధిలో లాక్కుంటూ జైలు గుమ్మం దగ్గరికి వచ్చింది. జైలరు కోల్ ఆమె ఊరివాడే.

"ఏంటే ఇది?"

"దొంగతనం చేశాను కోలన్నా. రాసుకో."

"మతి పోయిందా నీకు? తోలుకెళ్లి కట్టేసిరా, నేను చూళ్లేదనుకుంటాను."

"వీధంతా చూసింది. నువ్వొక్కడివే గుడ్డివాడివైతే ఏం లాభం?"

జడ్జి ఆమెకీ ఏడేళ్ల ద్వీపాంతరమే వేశాడు. తీర్పు విని డోర్కస్ దణ్ణం పెట్టింది. కోర్టులో వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆమెని టైటస్ పక్క గదిలోనే పెట్టారు.  రెండో రోజు గోడ అవతలి నుంచి అతను అరిచాడు.

"నిన్నెవరు చెయ్యమన్నారే? నీ మెడకి కూడా ఉరి తగిలించుకుంటావా?"

"గొర్రె కూర ఇద్దరం తిన్నాం. నువ్వొక్కడివే అరిగించుకుంటానంటే ఎట్లా?"

గోడ అవతల అతను ముక్కు చీదుకోవడం వినిపించింది. ఆ తరవాత పదకొండు రోజులు ఇద్దరూ గోడకి చెవులు ఆనించి బతికారు. అక్కడ కూడా చేమదుంపలు పండుతాయా, చలి ఎంత ఉంటుంది, పిల్లాడి సమాధి మీద కలుపు ఎవరు తీస్తారు, ఇవే మాటలు.

పన్నెండో రోజున ఓడ వచ్చింది. కోల్ టైటస్ గది ఒక్కటే తీశాడు.

"నాది?" అంది డోర్కస్.

"ఉత్తర్వులో ఒక్క పేరే ఉందమ్మా. నీ కోసం మళ్లీ వేరే ఉత్తరం రాయాలంట."

టైటస్ కాళ్లకి సంకెళ్లు వేశారు. "వెనక ఓడలో వచ్చెయ్," అని అరుస్తూ వెళ్లాడు. వీధి మలుపు దాకా ఆ గొలుసుల చప్పుడు ఆమెకి వినిపించింది.

ఆమె గురించి రాసిన ఉత్తరానికి పధ్నాలుగు నెలలకి జవాబొచ్చింది. సెయింట్ హెలెనా నుంచి ఆడవాళ్లని తీసుకునే ఏర్పాటు లేదు. శిక్ష అక్కడి జైల్లోనే అనుభవించాలి. ప్రిచర్డ్ స్వయంగా వచ్చి చదివి వినిపించాడు. చదివాక వెళ్లకుండా కాసేపు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఏడేళ్లూ డోర్కస్ ఖైదీల గుడ్డలు ఉతికింది. నాలుగో ఏట టైటస్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఎవరి చేతో రాయించినది. "ఆడఖైదీల ఓడ వచ్చినప్పుడల్లా పోయి పేరు అడుగుతున్నాను," అని ఉంది అందులో. తను ఇక రావడం లేదని ఆమె కోల్‌ని బతిమాలి జవాబు రాయించింది. అది చేరిందో లేదో తెలియదు.

విడుదలయ్యేసరికి దుంపల మడి వేరేవాళ్ల చేతిలో ఉంది. టైటస్ శిక్ష అప్పటికే తీరిపోయింది, కానీ తిరుగు ఓడ కిరాయి సర్కారు ఇవ్వదు. రెండేళ్లు పోయాక, పెళ్లాం చచ్చిపోయిన ఫౌలర్ అనే జాలరి తనతో ఉండమని అడిగాడు.

"నా మొగుడు బతికున్నాడు," అంది డోర్కస్. "వండి పెడతాను, చేపలు శుభ్రం చేస్తాను, నీకు రోగమొస్తే చూసుకుంటాను. మొగుడు మాత్రం వాడే."

"వాడు తిరిగొస్తే?"

"వస్తే నీకు చెప్పే పోతాలే."

టైటస్ రాలేదు. డోర్కస్ పదహారేళ్లు ఫౌలర్ ఇంట్లో ఉండి, అక్కడే కన్ను మూసింది. ఆమె కోరిందని ఫౌలర్ ఆమెని పిల్లాడి పక్కనే పాతిపెట్టించాడు.