దొంగదగ్గు

కొలిమత్తకి దగ్గు జబ్బుందని వీధంతా అనుకుంటారు. ఏళ్ళ తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి పాపం, అంటారు. ఎదురింటి దర్జీ పెళ్ళాం అయితే రోజు విడిచి రోజు అల్లం కషాయం కాచి తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడుతుంది. అత్త ఆ ఘాటంతా కళ్ళు మూసుకుని మింగుతుంది. నిజం చెప్పే వీల్లేదు మరి. ఆవిడకి ఏ జబ్బూ లేదు. ఆవిడది దొంగదగ్గు.

ఆవిడ భర్తని అందరూ కొలిమి మామ అంటారు. రాళ్ళు కొట్టేవాళ్ళ ఉలులకి పదును పెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆ పేరు ఎవరైనా మరిచిపోతారేమోనని రోజుకోసారి తనే గుర్తుచేస్తుంటాడు. పెళ్ళయిన కొత్తలో అత్త నిప్పురవ్వ ఎగిరితే చాలు వీధిలోకి పరుగెత్తేది. అలాంటి పిల్ల కొన్నాళ్ళకి కొలిమిలోకి గాలి ఊదే తిత్తి తాడు పట్టుకుంది. చంకలో బిడ్డ ఉన్నా లాగింది, జ్వరం ఉన్నా లాగింది. కుడిచెయ్యి పీకితే ఎడమచేత్తో లాగింది. నిప్పు ముందు మామకి ఒక చట్టం ఉండేది. ఇనుము వేడి మీద ఉన్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదు. రంగు చెదిరిపోతుందనేవాడు. మాటకి రంగెలా చెదురుతుందని ఎవరూ అడగలేదు. అడిగితే ఒంటికాలి మీద లేస్తాడు.

ఉలికి పదును పెట్టడమంటే అసలు పనంతా రంగులోనే ఉంది. ఎర్రగా కాలిన ఉలి మొనని నీళ్ళలో ముంచి తీసి, ఇటుక ముక్కతో రుద్దితే తెల్లగా మెరుస్తుంది. వెనకున్న వేడి మెల్లగా మొన వైపు పాకుతూ ఆ మెరుపు మీద రంగులు తెస్తుంది. ముందు లేత పసుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత ఊదా. కావలసిన రంగు మొనకి చేరగానే ఉలి మొత్తాన్ని తొట్టిలో ముంచెయ్యాలి. తొందరపడితే పెళుసై విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. అందుకే కొట్టు కిటికీకి గోనెపట్టా కట్టి పట్టపగలే చీకటి చేసుకునేవారు.

ఆ రంగు మామకి కనబడటం మానేసింది.

కళ్ళ డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చి, "దుమ్ము పడిందట, అంతే" అన్నాడు. అత్త నమ్మింది. ఆ తర్వాత ఒకరోజు కొత్తగా కొన్న పచ్చ దుప్పటి పరిస్తే, "బూడిద రంగుది ఎందుకు కొన్నావే?" అని అడిగాడు. అత్త ఆయన కళ్ళలోకి చూసింది. "మురికి కనబడదని" అని చెప్పి దిండు సర్దింది.

ఆ నెలలోనే ఉలులు వెనక్కి రావడం మొదలైంది. కొన్ని విరిగి, కొన్ని వంగి. రాళ్ళు కొట్టేవాళ్ళ మేస్త్రీ అత్తకి వరసకి తమ్ముడు. మంచివాడే గానీ పని దగ్గర చుట్టరికం చూసే రకం కాదు.

"బావా, మావాళ్ళు గొణుగుతున్నారు. బజార్లో పదును పెట్టే మిషను పెట్టారు కదా, అక్కడికి పోదామంటున్నారు. ఇంకొక్కసారి చూస్తాం," అన్నాడు.

మేస్త్రీ వెళ్ళాక మామ ఉక్కుని తిట్టాడు, బొగ్గుని తిట్టాడు, చివరికి తొట్టిలో నీళ్ళని కూడా తిట్టాడు. ఆ పూట కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టకుండా అరచేతులు చూసుకున్నాడు. రాళ్ళవాళ్ళు పోతే కొలిమి ఆరిపోతుంది. కొలిమి ఆరిపోతే ఈ మనిషి నిలవడు. అది అత్తకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాడు ఆవిడ తిత్తి లాగుతూ ఉలి మీదే కళ్ళు పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన భుజం మీదుగా చూస్తున్న రంగే. రానే వచ్చింది. మామ కదల్లేదు. కళ్ళు చికిలించుకుని వెతుక్కుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పొగ గొంతుకి అడ్డం పడి అత్త గట్టిగా దగ్గింది. మామ ఉలిక్కిపడ్డాడు, పట్టుకారుతో సహా ఉలి బుడుంగుమని నీళ్ళలో మునిగింది. ఆ ఉలి విరగలేదు, వంగలేదు. రెండోదానికి అత్త పొగ కోసం ఎదురుచూడలేదు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. రాళ్ళవాళ్ళు మిషను ఊసెత్తడం మానేశారు. మామ మళ్ళీ మీసం దువ్వాడు. "కన్నండీ, కన్నుండాలి పనివాడికి!" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పేవాడు. వింటుంటే అత్తకి నవ్వొచ్చేది, ఒళ్ళూ మండేది. ఒక్కసారి ఇటు తిరిగి, నీకూ ఈ పని తెలుసే అంటే ఈయన సొమ్మేం పోయింది అనిపించేది. కానీ ఆయన అలా అనాలంటే తను విషయం చెప్పాలి. చెబితే ఆయన కుప్పకూలిపోతాడు. అందుకని నోరు కుట్టేసుకుని, కషాయం తాగి, దగ్గుతూ కాలం వెళ్ళబుచ్చింది. ఆ దగ్గులో ఎంత ప్రేముందో నన్నడిగితే చెబుతాను గానీ, ఆవిడనడిగితే పట్టుకారు పుచ్చుకుని వెంటపడుతుంది.

ఇంతలో ఆవిడకి నిజంగానే జలుబు చేసింది.

తెల్లారేసరికి గొంతు బొంగురుపోయి దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. ఆ రోజే మేస్త్రీ వంతెన పనికని ఉలుల కట్ట తెచ్చాడు. "వంతెన పని బావా, అల్లాటప్పా వ్యవహారం కాదు. మొదటిది నా చేతికిస్తే చూసుకుని పోతా. బాగుంటేనే మిగతావి," అని గడప మీద చతికిలబడ్డాడు. కట్ట ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

అత్త నోట్లో గుడ్డ కుక్కుకుని తిత్తి లాగింది. ఉలి ఎర్రబడింది. మామ మొన ముంచి తీసి ఇటుకతో రుద్దాడు. మెరుపు మీద లేత పసుపు అప్పుడప్పుడే తొంగిచూస్తోంది. ఇంకా టైముంది. అత్త ఊపిరి బిగబట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆగలేదు. గుడ్డని కూడా తోసుకుని దగ్గు బయటపడింది.

మామ ఉలిని ఠక్కున ముంచేశాడు. తీసి ఆకురాయితో గీస్తే, మొన మరీ గట్టిపడి పట్టకుండా జారిపోయింది. సుత్తి దెబ్బ పడితే గాజుముక్కలా విరుగుతుంది.

"అప్పుడే ఎందుకు దగ్గావే!" అని అరిచాడు.

అని నాలుక కరుచుకున్నాడు. తిత్తి ఆగిపోయింది. గడప మీద మేస్త్రీ ఒకసారి అక్కని, ఒకసారి బావని చూశాడు.

"నీకు తెలుసా?" అంది అత్త.

"తెలీకపోవడానికి నేనేమన్నా గుడ్డివాణ్ణా?" అనేశాడు మామ. ఆ మాట తన చెవినే పడేసరికి పక్కనున్న మొద్దు మీద కూలబడ్డాడు. "మొదటిసారి పొగకి దగ్గావు. రెండోసారి పొగేదే?"

"మరి ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేమయ్యా? ఆ పాడు కషాయం తాగలేక నేను చస్తున్నా!"

"చెప్పాక నేనింక దేనికి పనికొస్తానే?"

అత్తకి అంతదాకా ఉన్న కోపం ఎటు పోయిందో పోయింది. జాలేసింది. జాలి చూపిస్తే ఆయన భరించలేడని కూడా తెలుసు కాబట్టి కసిరింది. "ఆ మొన సాగదీసేది నేనా? సమ్మెట ఎత్తేది నేనా? ఇంత వయసొచ్చింది, ఆ మాత్రం తెలీదూ? లే!"

మేస్త్రీ కట్టని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. అది మామకి కనబడింది. లేచి, అదే ఉలిని మళ్ళీ నిప్పుల్లోకి తోశాడు. అత్త తాడు అందుకుంది. మొన ముంచడం, తీయడం, రుద్దడం అయ్యాయి. అప్పుడు, చుట్టం ముందే, తన చట్టాన్ని తనే తప్పి, "ఏమే, చెప్పు. ఏ రంగు?" అన్నాడు మామ.

"ఎండుగడ్డి," అంది అత్త బొంగురు గొంతుతో. "తొందరపడకు. ఉల్లిపొట్టు వస్తోంది... వస్తోంది... ఆ, ఇప్పుడు!"

మేస్త్రీ ఉలి పుచ్చుకుని బయటి రాతిపలక మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. రాయి పెచ్చు లేచింది. మొన చెక్కుచెదరలేదు. వెనక్కొచ్చి కట్టని కొలిమి పక్కన దించాడు.

"మిగతావి ఎప్పుడిస్తావు బావా?"

"మీ అక్కనడుగు. రంగు చూసేది తనే," అన్నాడు మామ.

"రేపు సాయంత్రం రా తమ్ముడూ," అనబోయి అత్త మధ్యలోనే ఖళ్ళున దగ్గింది. మామ చేతిలోని ఖాళీ పట్టుకారు దానంతటదే తొట్టిలో మునిగింది.