వదిన నేర్చుకున్న పెద్ద మాట

మా వదినకు ఇంగ్లిష్ మాటల పిచ్చి. ఒక మాట, దాని అర్థం, అదే అర్థం వచ్చే ఇంకో నాలుగు మాటలు కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించి, కూర కలుపుతూ వల్లె వేసేది. పాపం అన్నయ్య "ఆకలేస్తోంది" అంటే, కంచంలోకి అన్నం రాకముందే ఆకలికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటలన్నీ వడ్డించేది. మేం నవ్వితే మూతి ముడుచుకునేదే గానీ మానేది కాదు.

ఆ పిచ్చికి కారణం లేకపోలేదు. ఆసుపత్రిలో ఆవిడది రశీదులు రాసే పని. ఎంక్వయిరీ కౌంటర్లో ఖాళీ వస్తే, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకే ఆ కుర్చీ అన్నాడు మేనేజరు. వదినను ఓ వారం కూర్చోబెట్టి చూస్తానన్నాడు. ఇక ఆవిడ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున పాల ఫ్లాస్కు పట్టుకుని ఓ పెద్దావిడ వచ్చింది.

"మా ఆయన మంచం ఖాళీగా ఉందమ్మా. ఎక్కడికి మార్చారో కాస్త చూసి చెప్పు."

వదిన కంప్యూటర్లో చూసింది. ఆయన తెల్లవారుజామున పోయాడు. ఇలాంటప్పుడు కౌంటర్లోవాళ్లు ఏమీ చెప్పకూడదు. మనిషిని పక్కగదిలో కూర్చోబెట్టి డాక్టర్ని పిలవాలి. అది వదినకూ తెలుసు. కానీ వెనకే మేనేజరు నిలబడి ఉన్నాడు. చావుకున్న మాటలన్నీ ఆ మధ్యే బట్టీ పట్టి ఉంది. వాటిలో అన్నిటికన్నా గొప్పదాన్ని బయటికి తీసింది.

"ఆయన సక్కంబ్ అయ్యారండీ."

పెద్దావిడ మొహం తేటపడింది. "అమ్మయ్య, వేరే గదికి మార్చారన్నమాట. ఏ అంతస్తు తల్లీ? పాలు చల్లారిపోతాయి."

అప్పుడైనా లేచి ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సింది. వదిన చేసిన పని రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

"మూడో అంతస్తులో అడగండి," అంది.

"చల్లగా ఉండమ్మా," అని పెద్దావిడ మెట్లెక్కింది. మేనేజరు మెచ్చుకోలుగా తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పెద్దావిడ తన కొడుకు భుజం పట్టుకుని కిందికి దిగింది. వదిన తల వంచుకుని కాగితాలు సర్దుతున్నట్టు నటించింది. ఆవిడ తిన్నగా కౌంటర్ దగ్గరికే వచ్చింది.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వన్న మాటకు అర్థమేంటో మావాడు ఇప్పుడు చెప్పాడు. నువ్వు పొద్దున్నే చెప్పావు, చదువురానిదాన్ని, నాకే తెలీలేదు. పాలు పట్టుకుని పైనంతా తిరిగి అందర్నీ విసిగించాను."

కనీసం కూర్చోమని కూడా అనలేకపోయానని వదిన ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

కుర్చీ వదినకే ఇచ్చారు. మిఠాయి తెస్తానన్న అన్నయ్యను కసిరింది. గోడ మీది కాగితాలు తనే పీకి పారేసింది. ఇప్పుడు అన్నయ్య ఆకలేస్తోందంటే కిక్కురుమనకుండా అన్నం పెడుతుంది.