ఎడమకు తిరిగితే పెరిగే చప్పుడు

ఎనిమిదో తరగతి పిల్లలకు ధ్వని పాఠం ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. శబ్దం ఎలా పుడుతుంది, ఎలా ప్రయాణిస్తుంది, ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి ఎలా పసిగడుతుంది, అన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి మరీ చెబుతాను. అలాంటి నా కారులోనే ముందు చక్రాల దగ్గర ఒక చప్పుడు మొదలైతే, అది ఏ చక్రానిదో తేలడానికి రెండు నెలలు పట్టింది. తేల్చింది కూడా నేను కాదు.

కారు సెకండ్ హ్యాండ్‌ది. మా అమ్మాయి కాన్పు కోసమే కొన్నాను. తొలి కాన్పు కదా, ఏడో నెలలో మా ఉదయగిరికి తెచ్చుకున్నాము. కాన్పు మాత్రం నెల్లూరులో, మొదటినుంచీ చూపించుకుంటున్న డాక్టరమ్మ దగ్గరే. నెల్లూరు మాకు పక్కవీధి కాదు. నొప్పులొచ్చే వేళకు నా బిడ్డ బస్టాండులో నిలబడకూడదు, ఏసీ కారులో కాళ్లు చాపుకుని వెళ్లాలి అన్నది నా పట్టుదల. ఆ సంగతి ఊళ్లో వినేవాళ్లకూ విననివాళ్లకూ చెప్పుకున్నాను.

చప్పుడు యాభై దాటితే మొదలయ్యేది. దూరంగా ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు గుయ్యిమనేది. వేగం పెంచితే పెరిగేది, తగ్గిస్తే తగ్గేది. మొదటిసారి ఆత్మకూరు దాటాక నెల్లూరు రోడ్డు మీద మా ఆవిడే పట్టుకుంది.

"ఎడమపక్కకు తిరిగినప్పుడు పెద్దదవతా ఉండాది. కుడిపక్కకు తిరిగితే తగ్గతా ఉండాది. కుడి చక్రంలో ఏదో తేడా ఉండాది, చూపించండి" అంది.

నేను నవ్వాను. ఎడమకు తిరిగితే పెరుగుతోందంటే తప్పు ఎడమ చక్రానిది కావాలి గానీ కుడి చక్రానికేం సంబంధం? బడిలో సైన్సు చెప్పేది నేనా, ఆమా? ఆ తర్కం బలంతో ఎడమ టైరు మార్పించాను. చప్పుడు పోలేదు. ఎడమ చక్రానికి బ్యాలెన్సింగ్ చేయించాను. అయినా పోలేదు. స్టాఫ్ రూములో మా లెక్కల మాస్టారు గేర్‌బాక్స్ అన్నాడు. ఆయనకు కారు లేదు, ఆ ధీమా వేరే.

ఉదయగిరిలో మాకు తెలిసిన మెకానిక్ ఒకడున్నాడు. మా చర్చిలో డోలక్ కూడా అతనే వాయిస్తాడు. కారు తీసుకుని మా వీధుల్లో రెండు చుట్లు తిప్పాడు. మా వీధుల్లో గేదెలనూ ఆటోలనూ దాటుకుని ముప్ఫైకి పోతే గొప్ప. యాభై దాటితే గానీ నోరు విప్పని చప్పుడు అతనికి ఎలా వినిపిస్తుంది? "ఏమీ లేదు సార్. కారు బంగారంగా ఉండాది. చప్పుడు మీ చెవుల్లో ఉండాదేమో" అన్నాడు. ఆ మాట నాకు చాలా నచ్చింది. ఖర్చులేని జబ్బు అదొక్కటే.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారిని కారు దగ్గరికి పిలిచాను. బండి కొంటే ప్రార్థన చేయించుకోవడం మా దగ్గర మామూలే, రిపేరుకు చేయించింది బహుశా నేనే. అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి, బిడ్డ కాన్పునూ బండినీ కలిపి దీవించారు. నేను మనసులో ఎడమ చక్రాన్ని చూపిస్తూనే ఉన్నాను.

తర్వాత వారమంతా చప్పుడు రాలేదు. వచ్చే వీలు లేదు, ఎందుకంటే ఆ వారం కారు ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. మరుసటి ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, మెకానిక్కుకు కూడా అందని రోగం ప్రార్థనతో పోయిందని గొంతు వణికేలా చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. మెకానిక్ డోలక్ మీద ఒక దెబ్బ కూడా వేశాడు. మధ్యాహ్నానికల్లా ఒకామె తన మిక్సీ గురించి, ఇంకొకాయన కొండాపురం పొలంలో బోరు మోటారు గురించి అయ్యగారి దగ్గరికి వెళ్లారని తెలిసింది. అయ్యగారు ఆ తర్వాత కొన్నాళ్లు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవారు.

మూడు రోజులకు పరీక్షల మీటింగని ఆత్మకూరు పోవాల్సి వచ్చింది. ఊరు దాటి యాభై తాకానో లేదో, పిండిమర మళ్లీ ఆడడం మొదలైంది. ఇదివరకటికంటే గట్టిగా.

ఇప్పుడేం చేయాలి? మెకానిక్ దగ్గరికి పోతే సాక్ష్యం అబద్ధమవుతుంది. సంఘం ముందు లేచి నిలబడి చెప్పిన మాట వెనక్కి తీసుకున్నవాణ్ణి నా జీవితంలో చూడలేదు. అందుకని నాకు చేతనైన రిపేరు నేనే చేశాను. పాటల సౌండు పెంచాను. వేగం పెరిగినకొద్దీ క్రైస్తవ గీతాల వాల్యూమ్ కూడా పెంచుతూ పోయేవాణ్ణి. ఎనభైలో పోతుంటే రోడ్డు పక్కన నడిచేవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు.

తొమ్మిదో నెల పడింది. నేనూ మా ఆవిడా ముందుగా నెల్లూరు వెళ్లి, అమ్మాయిని ఏ రోజు ఆసుపత్రిలో చేర్చాలో డాక్టరమ్మతో మాట్లాడుకుని తిరిగొస్తున్నాము. మా ఆవిడ చెయ్యి చాపి పాటలు ఆపేసింది. కారంతా ఆ చప్పుడే. సీటు కింద సన్నగా వణుకు కూడా తెలుస్తోంది.

"మీ సాక్ష్యం మీ దగ్గర పెట్టుకోండి. నా బిడ్డను దీంట్లో ఎక్కించను" అంది.

ఆత్మకూరులో ఆపాను. అక్కడి మెకానిక్‌కు మేమెవరమో తెలియదు, మా చర్చీ తెలియదు. అదే నాకు కావలసింది. చప్పుడు ఎప్పటినుంచి అని అడిగాడు. నేను "ఈ మధ్యనే" అన్నాను. మా ఆవిడ "రెండు నెలలు" అంది. అంతే, ఇక అతను నా వైపు తిరగలేదు.

"ఎటు తిరిగితే పెరగతా ఉండాదమ్మా?"

"ఎడమకు."

"అట్టయితే కుడిదే. ఎడమకు తిరిగితే బండి బరువంతా కుడిపక్కన పడతాది కదా" అంటూ జాకీ పెట్టి కుడి చక్రం లేపాడు. చేత్తో గిర్రున తిప్పి, లోపలి స్ప్రింగు మీద మా ఆవిడ చెయ్యి పెట్టించాడు. ఆమె చెయ్యి తీసి నన్ను పెట్టమంది. ఇసుక నలిగినట్టు గరగరమంటోంది. చక్రం బేరింగు అరిగిపోయిందట. ఇంకొన్నాళ్లు ఇట్టాగే తిప్పి ఉంటే నడిరోడ్డు మీద చక్రం పట్టేసేదని మామూలుగా చెప్పాడు. ఆ రోడ్డు మీద, వెనక సీట్లో నా బిడ్డ ఉన్నట్టు ఊహించుకోకుండా ఉండలేకపోయాను.

కొత్త బేరింగు వేయించుకుని, పాతది కాగితంలో చుట్టించుకుని ఇంటికొచ్చాను. దారంతా కారు నిశ్శబ్దంగా వచ్చింది. అయినా గుమ్మంలో అడుగుపెట్టేసరికి పాత నేనే పైకి లేచాను. "ఏం లేదమ్మా, చిన్నదే. కారు మొదటినుంచీ బాగానే ఉండాది, ఊరికే చూపించుకొచ్చినాము" అన్నాను.

మా అమ్మాయి గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుంది. "నేను బస్సుకు పోతా నాయనా. ముందు సీటు పెట్టమని కండక్టరన్నకు చెప్పినా" అంది. చెప్పి పది రోజులయిందట. వాళ్లమ్మకు కూడా తెలుసు.

నేను కాగితం విప్పి పాత బేరింగు చూపించాను. కొత్తది వేయించాను, ఇక భయం లేదన్నాను.

"చక్రానికి భయపడి కాదు నాయనా. దోవలో చక్రం ఊడిపోయినా నువ్వు ఊడలేదనే అంటావు. దానికి భయపడినా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నా కూతురు నాకు తెలియకుండా పది రోజులు నా నుంచి తన బిడ్డను కాపాడుకునే ఏర్పాట్లు చేసుకుంది.

ఆదివారం మళ్లీ లేచి నిలబడ్డాను. చప్పుడు పోలేదనీ, పోయిందని నేను తొందరపడి చెప్పాననీ, మొదటిరోజే మా ఆవిడ సరిగ్గా చెబితే విననిది నేనేననీ చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరయ్యగారు మాత్రం పెద్ద ఊపిరి వదిలారు. ఆత్మకూరు పోయి చేయించానని మెకానిక్ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

డాక్టరమ్మ చెప్పిన రోజు పొద్దున, అమ్మాయి బస్సు మాట ఎత్తకుండా వచ్చి కారు వెనక సీట్లో కూర్చుంది. మా ఆవిడ ముందు కూర్చుంది. పాటలు పెట్టలేదు. ఆత్మకూరు దాటి రోడ్డు ఎడమకు తిరిగేచోట వెనకనుంచి అడిగింది: "నాయనా, ఏమన్నా వినపడతా ఉండాదా?"

జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకుని, ఆ మలుపు పూర్తయ్యేదాకా విన్నాను.

"నాకేం వినపడలేదు. అయినా మీ అమ్మను అడుగు" అన్నాను.

మా ఆవిడ అద్దం దించి, చాలాసేపు విని, పోనీయమంది.