పదకొండు మంది రక్తసంబంధీకులు

రక్తసంబంధీకులను తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పిందన్న కబురు మొదట నాకు మోసుకొచ్చింది సుభాష్‌పల్లి పేటలో ఉండే నూకరాజు బావగారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నేను వెలగబెట్టిన నిర్వాకానికి ఆసుపత్రి వరండాలో బెంచీలు చాలలేదు.

మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కిడ్నీలో కేన్సరు గడ్డ పుడితే కోసి తీసేశారు, దేవుడి దయ. జన్యువులను అదుపులో ఉంచే జన్యువొకటి ఆ గడ్డలో పాడైందని తేలింది. అదుపు ఎవరిది, ఎవరి మీద? ఇంట్లో నేర్చిన చదువు కదా నాది, అడగకుండా ఉండలేను. బెంగాలీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆక్సిజన్ చాలనప్పుడు కొత్త రక్తనాళాలు వేయించే మేస్త్రి ఒకడు కణంలో ఉంటాడట. పనయ్యాక వాణ్ణి ఇంటికి పంపే అధికారి ఇంకొకడు. ఆ అధికారి పాడైతే మేస్త్రికి ఎప్పుడూ ఓవర్‌టైమే!

అయితే ఆ లోపం పుట్టుకతో వచ్చిందా, కిడ్నీలోనే పుట్టిందా? పుట్టుకతో వచ్చినదైతే మా ఆడపిల్లలిద్దరికీ ఉండొచ్చు. కబురందిన సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేనడిగితే మా రైల్వే కాలనీ కాలనీయే రక్తం పెట్టడానికి కదిలింది. పదకొండు మంది, సెలవు పెట్టి, పరగడుపున, మూడు ఆటోల్లో!

డాక్టరమ్మ కాగితం మీద వంశవృక్షం మొదలుపెట్టింది.

"ఈయన?"

"మా పెద్ద బావగారు."

"ఆయన?"

"రెండో బావగారు. ఆ మీసాలాయన మూడో బావగారు. ఈవిడ మా గవరమ్మ అత్త."

గీతలు కాగితం దాటి బల్ల మీదికి పాకేలా ఉన్నాయి.

"బాప్‌రే! దాదా వాళ్ళమ్మకు ఎంతమంది పిల్లలు, దీదీ?" మా ఆయన ఆవిడకు దాదా, నేను దీదీ.

"ఒక్కరేనండీ. ఈయనే."

కలం ఆగింది. "మరి వీళ్ళు?"

"అందరం ఒకే షెడ్డండి," అన్నాడు నూకరాజు బావగారు గర్వంగా. "ముప్పయ్యేళ్ళ బట్టి ఒకే కేరేజీలో తింతన్నాం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. "చుట్టాల్లో ఇంకెవరికైనా ఈ జబ్బుందా అని అడగడానికి రమ్మన్నాను. పరీక్షకు దాదా రక్తం ఒక్కటే చాలు!"

అందరూ నవ్వారు, గవరమ్మ అత్త తప్ప. జాకెట్టు చెయ్యి పైకి తోసుకుని అలాగే నిలబడింది.

"ఏటమ్మా, ఈల ఆడపిల్లలిద్దరికీ పురిట్లో నీల్లోసింది నేను. నా రగతం పనికిరాదేటి?"

డాక్టరమ్మ నవ్వు ఆపి, లేచి, తన కుర్చీ ఆమెకు వేసింది.

పుట్టుకతో వచ్చిన లోపం కాదని పరీక్షలో తేలింది. పిల్లలు క్షేమం. కాలనీ వరుసలను ఇక జన్మలో ఆసుపత్రి కాగితం ఎక్కించనని దీపం ముందు ముమ్మారు ఒట్టు పెట్టుకున్నాను.

గవరమ్మ అత్త ఇప్పుడు లేదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలచుకోండి. ఏమవుతుందని తలచుకోవాలంటారా? మీకు తోచిన వరుస కలుపుకోండి, ఆమె పలుకుతుంది.