నిలబడి పొర్లిన మామ

ఉదయగిరి మా అత్తగారి ఊరు. అక్కడ నేను బస్సు దిగితే చాలు, బజారులో ఇప్పటికీ కొందరు నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటారు. నేనేమీ కొంపలు తగలబెట్టలేదు. ఒకే ఒక్క బటన్ నొక్కి మా మామగారి పరువును గోడకెక్కించాను, అంతే. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నా మీద జాలి మాత్రం పడకండి, నాకే లేదు.

అప్పటికి నా పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఆత్మకూరులో జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్ల అంగడి నాది. ఆ మాత్రానికే కంప్యూటర్‌ను కనిపెట్టింది నేనేనన్నంత ధీమా. మా మామ ఉదయగిరిలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. భారీ మనిషి. కుర్చీలోంచి లేవడానికే ముందు కాసేపు ఆలోచించుకుంటాడు. అలాంటివాడు, మా అత్తకు ఆపరేషన్ అన్న కంగారులో, ఆమె క్షేమంగా ఇంటికొస్తే గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతానని నలుగురిలో మొక్కేశాడు. అత్త చక్కగా ఇంటికొచ్చింది. ఇక ఎదురంగడి కొండయ్య ఊరుకుంటాడా?

"శెట్టి పొర్లేది ఈ జన్మలో జరగదబ్బా! ముందు కూర్చోని లేస్తే చూద్దాం."

మామ నిజంగానే పొర్లాడు. తెల్లవారుజామున, తడిబట్టలతో, ఆయాసపడుతూ, గుడి చుట్టూ పూర్తిగా పొర్లాడు. ఖర్మ ఏమిటంటే ఆ రోజు కొండయ్య ఊళ్లో లేడు. తిరిగొచ్చి, "నేను చూడలేదు, నమ్మను. మీ ఇంట్లోవాళ్లు చెప్తే సరిపోద్దా?" అన్నాడు. మామకు అన్నం సహించలేదు.

"అల్లుడా, ఏటా మన అంగడి క్యాలెండరు మీద దేవుడి బొమ్మ ఏస్తాం గదా. ఈసారి నేను పొర్లే ఫోటో ఎయ్యి. ఊరంతా గోడల మీద చూడాల, ఆ కొండయ్య నోరు మూతపడాల" అన్నాడు.

ఫోటోలు మా ఆవిడ సుజాత ఫోన్‌తో తీసింది. ఫోన్‌ను ఎలా పడితే అలా తిప్పుతూ తీసిందేమో, కంప్యూటర్‌లో వేస్తే సగం ఫోటోలు పక్కకు తిరిగి ఉన్నాయి.

"ఒక్కోటి తిప్పుకుంటే పోలా?" అంది.

"ఒక్కోటా? నేనేమన్నా పిండి రుబ్బుతుండానా, తిప్పుకుంటా కూర్చునేదానికి? దీనికి సాఫ్ట్‌వేర్ ఉండాది. మొహం యాడుందో అదే కనిపెట్టి, తల పైకి, కాళ్లు కిందికి వచ్చేట్టు అన్నీ ఒక్కసారే సరిచేస్తది."

"చేసినాక ఒకసారి చూసుకోండి."

"కంప్యూటర్‌ను అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే!"

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకే కాలేదు. తల పైకి, కాళ్లు కిందికి అట! పొర్లే మనిషికి తల పైకెందుకు ఉంటుంది? ఆ సాఫ్ట్‌వేర్‌కు మొక్కులు తెలుసా, పాడా? మనిషన్నవాడు నిలబడి ఉండాలి, అంతే దాని లెక్క. నేను బటన్ నొక్కి, మామ ముందే ఎంచిపెట్టిన ఫోటోను తెరిచైనా చూడకుండా ప్రెస్సుకు పంపేశాను. సాయంత్రం అక్కడినుంచి ఫోన్.

"సార్, ఫోటోలో పెద్దాయన బాగుండాడు గానీ వెనకంతా గందరగోళంగా ఉండాది. తీసేసి మంచి రంగు ఏసేదా?"

"ఎయ్యి ఎయ్యి! మామ ఒక్కడే కనబడాల" అన్నాను దర్జాగా.

క్యాలెండర్ల కట్టలు బస్సులో వేసుకుని ఉదయగిరి పోయాను. మామ ఆత్రంతో కట్ట విప్పి, తాను చూడకుండానే మొదటిది తీసుకెళ్లి కొండయ్య చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు చూడు! కళ్లు తెరుచుకోని చూడు!"

కొండయ్య విప్పాడు. చూశాడు. మామను చూశాడు. మళ్లీ క్యాలెండరు చూశాడు.

"ఏంది శెట్టీ, నిలబడుకోనే పొర్లినావా?"

నేను ఆయన భుజం మీదుగా తొంగిచూశాను. బంగారు రంగు వెలుగులో, తడి పంచెతో, చేతులు నెత్తిమీద జోడించి, మా మామ స్తంభంలా నిటారుగా నిలబడి ఉన్నాడు. చుట్టుపక్కల అంగళ్లవాళ్లంతా మూగారు.

"ఏందయ్యా అల్లుడా ఇది?"

"అదీ... సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని నిలబెట్టేసింది మామా."

"నిలబెట్టేదానికి నేనేమన్నా కాలుజారి పడినానా? మొక్కు చెల్లించినానయ్యా!"

ఆ క్షణాన భూమి చీలితే నేనే ముందు దూకేవాణ్ణి. అంతలో అత్త వచ్చి క్యాలెండరు లాక్కుంది. చూసి, అరుగు మీద కూలబడి, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కొండయ్యన్నా, నువ్వు ఆయన మొహమే చూస్తుండావు. ఆ బొజ్జ చూడు" అంది.

అందరూ వంగి చూశారు. నిటారుగా నిలబడ్డ మామకు బొజ్జ మాత్రం మొత్తంగా ఎడమ పక్కకు జారిపోయి ఉంది.

"నిలబడిన మనిషికి బొజ్జ పక్కకి పోద్దా? ఇప్పుడు తిప్పి పట్టుకో."

కొండయ్య క్యాలెండరును అడ్డంగా తిప్పాడు. బొజ్జ నేలకు ఆనింది. మామ హాయిగా పొర్లుతున్నాడు. కొండయ్య చాలాసేపు చూసి, "పొర్లినాడబ్బా! బొజ్జ అబద్ధం చెప్పదు" అని చేతులెత్తి దండం పెట్టాడు. మామ మొహం వెలిగిపోయింది.

ఇక చూడాలి ఆయన హడావిడి! క్యాలెండరు తీసుకున్న ప్రతివాడింటికీ సుత్తి, మేకు పట్టుకుని తానే పోయి, అడ్డంగా తగిలించి వచ్చాడు. ఆ ఏడాదంతా ఉదయగిరిలో తేదీ తెలియాలంటే జనం మెడ పక్కకు వాల్చక తప్పలేదు.

నేను మాత్రం మామ ముందు చేతులు కట్టుకుని గంభీరంగా శపథం చేశాను. "ఇకమీదట పడుకున్న మనిషిని లేపమని ఏ కంప్యూటర్‌కూ చెప్పను. నా కళ్లతో చూడకుండా ఏ ఫోటోనూ గడప దాటించను."

మామ కళ్లజోడు సర్దుకుని, "నిలబడుకోని చేస్తే చెల్లదు. పద గుడికి" అన్నాడు.

పొర్లుతూ చేసిన శపథమండీ. తప్పే ప్రశ్నే లేదు.