సినిమా చూడని సినిమా మాస్టారు

మొన్న పొద్దున్నే మిల్లు తలుపులు తీస్తుంటే, ఎదుటి కరెంటు స్తంభానికి కట్టిన కొత్త ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. రంగు వాసన ఇంకా పోలేదు. దాని మీద రామ్మోహన్ మాస్టారి ఫోటో, కింద సంస్మరణ సభ వివరాలు. ఆయన అసలు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ‘సినిమా మాస్టారు’ అని ఉంది. తిరువూరులో ఆయన్ని అందరూ గుర్తుపట్టేది ఆ పేరుతోనే. ఆ పేరు అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. ఆయన్ని ఎన్నడూ చూడని వాళ్ళకైనా అసలు సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను.

మాస్టారు పరిచయమయ్యేనాటికి నాకు ముప్పై దాటాయి. నాన్నతో కలిసి రైసు మిల్లు చూసుకునేవాణ్ణి. మిల్లు ముందున్న ఖాళీ గదిని మాస్టారు పొద్దుటి ట్యూషన్ కోసం అద్దెకు తీసుకున్నారు. వినగడప నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. పొట్టి మనిషి, చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి. బ్యాంకు పరీక్షలకూ టీచరు ఉద్యోగాలకూ చదివేవాళ్ళు ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవారు. “బ్యాంకు మేనేజరు ఎదురైతే నీకు నోరు పెగలదు. గది మనదేగా, వెళ్ళి కూర్చో” అని నాన్న నన్నూ పంపాడు. అందరికంటే వయసులో పెద్దవాణ్ణి కాబట్టి అక్కడ నన్ను ‘మిల్లు అన్నా’ అనేవారు.

మాస్టారి పాఠ్యపుస్తకం ఇంగ్లీషు పేపర్లలో వచ్చే సినిమా సమీక్షలు. జిరాక్సు తీయించి తలా ఒకటి ఇచ్చేవారు. అవీ అన్ని సినిమాలవీ కావు. మనుషుల్ని ఆఫ్రికా నుంచి ఓడల్లో తీసుకుపోయి పత్తి చేలల్లోనూ చెరకు తోటల్లోనూ బానిసలుగా వాడుకున్న కాలం మీద తీసిన చారిత్రక చిత్రాలవి మాత్రమే. నెమలి అనే ఊరి నుంచి వచ్చే సుభాషిణి ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. “ఎప్పుడూ ఇవేనా సార్? మన సినిమాలవి ఇవ్వచ్చుగా, ఈజీగా ఉంటాయి.”

“మన సినిమాకైతే సూపరు, యావరేజీ, బోరు, ఈ మూడు మాటల్తో పనైపోద్దమ్మా” అన్నారు మాస్టారు. “ఇంత బాధ గురించి రాసేవాడు నోటికొచ్చింది రాయలేడు. ప్రతి మాటా తూచి వెయ్యాలి. మనకి కావాల్సింది ఆ తూచిన మాటలు.”

ఆయన మాటకు అర్థం చెప్పేవారు కాదు, మాలోంచే లాగేవారు. ‘హారోయింగ్’ అన్న మాట వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. దాదాపు ప్రతి సమీక్షలోనూ ఉండే మాట అది. డిక్షనరీ చూసి ‘బాధాకరమైన’ అని రాసుకున్నాం. మాస్టారు తల అడ్డంగా ఊపారు. “పొలం దున్నాక మట్టిగడ్డలు చితకడానికి ఏం తోలతార్రా?” అన్నారు. “దంతె సార్” అన్నారు రైతుల పిల్లలంతా ఒక్కసారే. “దాన్నే ఇంగ్లీషులో హారో అంటారు. ఆ పళ్ళ దంతెని మట్టి మీద కాదు, మనిషి గుండె మీద తోలితే? అది హారోయింగ్. ఇంక మర్చిపోండి చూద్దాం.” ఎవరూ మర్చిపోలేదు. ఆ ఏడు పరీక్షలో ఆ మాట వచ్చిందో లేదో నాకు తెలియదు గానీ, ఆస్పత్రిలో మా అమ్మ మంచం పక్కన కూర్చున్న రోజుల్లో నాకు మొదట తోచిన మాట అదే.

ఆ సినిమాలు మా ఊరి హాలుకు వచ్చేవి కావు. “లాప్‌టాప్‌లో చూపించండి సార్” అని కుర్రాళ్ళు వెంటపడ్డారు. “నేనే చూళ్ళేదు, మీకేం చూపిస్తాను?” అని నవ్వారాయన. అందరూ నోళ్ళు తెరిచారు. “నిజంరా. చూస్తే ఏడుస్తాం. ఏడిచాక కళ్ళు తుడుచుకుని భోజనానికి లేస్తాం. చదివితే అలా కుదరదు, ఒక్కో మాట దగ్గరా ఆగాలి.” ఆయన ఒక్క సినిమా కూడా చూడలేదు. ఈ రాతలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటైనా చాలు.

ఇక పేరు సంగతి. ఒక సమీక్షలో ‘ఓవర్సీర్ కొరడా’ గురించి ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పమన్నారు. మా మేనమామ కాలవల శాఖలో ఓవర్సీరు. స్కూటరు మీద వస్తే రైతులు లేచి నిలబడేవాళ్ళు. నేను ధైర్యంగా లేచి “ఓవర్సీరు గారి కొరడా” అన్నాను. గది గొల్లుమంది. “మిల్లు అన్నా, మీ మావయ్య స్కూటర్లో కొరడా కూడా పెట్టుకుంటాడా?” అని వెనక నుంచి శ్రీను అరిచాడు. మాస్టారు కూడా నవ్వారు. నవ్వి, “తప్పేం లేదయ్యా, మాట ఒకటే. అక్కడ కూలీల నెత్తిన నిలబడి పని చేయించేవాడు. మీ మిల్లులో ఆ పని ఎవరు చేస్తారో చెప్పు, అర్థం అదే వచ్చేస్తది” అన్నారు. నేను ఆలోచించేలోపే శ్రీను అందుకున్నాడు. “ఇంకెవరు సార్, అన్నే! హమాలీలు బీడీ ముట్టిస్తే చాలు, వాచీ చూస్తాడు.”

మాస్టారు నన్ను ఎత్తిపొడవాలని అడగలేదు. నా ముఖం చూసి వెంటనే వేరే మాటకు వెళ్ళిపోయారు. కానీ నా చెవుల్లో ఆ నవ్వే మోగింది. ఆ మధ్యాహ్నం బజారులో తోటి వ్యాపారులు “ఏంటి, ఇంగ్లీషు ఎక్కడిదాకా వచ్చింది?” అని ఆటపట్టిస్తే, “ఇంగ్లీషా పాడా! సినిమా కథలు చెప్పి డబ్బులు వసూలు చేస్తున్నాడు. సినిమా మాస్టారు” అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఈసారి నవ్వు నా వైపు లేదు, అంతే నాకు కావలసింది.

పేరు నాకంటే వేగంగా తిరిగింది. కొందరు తండ్రులు పిల్లల్ని మాన్పించారు. ఇంగ్లీషు చెప్పడానికి తీసుకుంటామని మాటిచ్చిన ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు వెనక్కి తగ్గారు. మాస్టారు గది ఖాళీ చేసి వినగడపలో తన వసారాలోనే పాఠాలు పెట్టుకున్నారు. అక్కడికీ పిల్లలు షేర్ ఆటోల్లో వెళ్ళారు, ఉద్యోగాలు తెచ్చుకున్నారు. వాళ్ళ నోట ఆ పేరు ముద్దుపేరైంది. దానివల్ల నా పని సులువైంది, తప్పు దానంతటదే మాసిపోయిందనుకున్నాను.

నేను కూర్చున్న చివరి క్లాసు మాత్రం మాసిపోలేదు. ఆ రోజు సమీక్షలో కొన్నిచోట్ల ‘స్లేవ్’ అనీ, కొన్నిచోట్ల ‘ఎన్‌స్లేవ్డ్’ అనీ ఉంది. రెండింటికీ మేం బానిస అనే రాశాం. “కాదు” అన్నారు మాస్టారు. “బానిస అంటే వాడేదో అలాగే పుట్టినట్టుంది. రెండో మాటలో ఇంకోడున్నాడు చూడండి, కనపడకుండా. వాణ్ణి బానిసని చేసినోడు.” తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. “మన తెలుగులో చేసినోణ్ణి దాచడం ఎంత సుఖమో! ‘ఏదో అలా అయిపోయింది’ అంటే చాలు.” నేను జిరాక్సు కాగితంలోకి చూస్తూ కూర్చున్నాను. అప్పటికే బజారులో పేరు పాకుతోంది.

తర్వాత ఆయన బస్సులో కనపడ్డారు, పెళ్ళిళ్ళలో కనపడ్డారు. “ఏమయ్యా, ఇంగ్లీషు మర్చిపోలేదుగా?” అని భుజం తట్టేవారు. ఆ పేరు పెట్టింది నేనేనని చెప్పాలనుకునేవాణ్ణి. కాఫీ తాగి విడిపోయేవాళ్ళం.

ఆదివారం సభలో నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకున్న శ్రీను, ఇప్పుడు బ్యాంకు ఆఫీసరు, “మనం ప్రేమగా సినిమా మాస్టారు అని పిలుచుకునే…” అంటూ నన్ను పిలిచాడు. నేను లేచి, “పిలుచుకునే కాదు శ్రీనూ. నేను పిలిచాను. వెక్కిరించడానికి పిలిచాను” అన్నాను. హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టింది. మిల్లు అన్న చమత్కారం అనుకున్నారు. ఎంత చెప్పినా అది చమత్కారంగానే మిగిలింది. అందుకే ఈ రాత.

నవ్వనిది ఒక్కతే, మాస్టారి కూతురు ఇందిర. విస్సన్నపేటలో టీచరు. సభ అయ్యాక కుర్చీల మధ్య నుంచి నా దగ్గరకు వచ్చింది. “ఎందుకండీ అలా అన్నారు?” అని అడిగింది. కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది. “అప్పట్లో ఏదో అలా…” అని మొదలుపెట్టాను. నోరు దానంతటదే ఆగింది. ఆమె ఎదురుచూసింది. “ఆ రోజు క్లాసులో అందరూ నన్ను చూసి నవ్వారమ్మా. నాకు కోపం వచ్చింది. మీ నాన్నగారిని చిన్నబుచ్చాలని నేనే అన్నాను. ఆ కాలేజీ ఉద్యోగం నా మూలంగానే పోయింది” అన్నాను. ఆమె కళ్ళు నిండాయి. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. మాస్టారు నాకిచ్చిన మాటల్లో చాలా తుప్పు పట్టాయి, బ్యాంకు మేనేజరుతో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాను. నా దగ్గర మిగిలింది ఒక్కటే. నా వాక్యం ఏదైనా నేను లేకుండా మొదలైతే, అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, నన్ను పెట్టుకుని మళ్ళీ మొదలుపెడతాను.