ఫిట్ అనే జవాబు

నాకు తెలియని తలుపు తట్టడమంటే బెరుకు. అయినా ఆ వేసవిలో గోదావరిఖని క్వార్టర్లలో చాలా తలుపులు తట్టాను. బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు వెళ్లడం లేదు అని ఒక పరిశోధన జరిగేది. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక డాక్టరమ్మ దాన్ని నడిపేవారు. ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగి, జవాబులు ఫోనులో నింపడం నా పని.

మొదట్లోనే ఒక చిక్కు వచ్చింది. ఇక్కడ ఆయాసాన్ని దమ్ము అంటారు. "దమ్ము వస్తదా తాతా?" అని అడిగితే మగవాళ్లందరిదీ ఒకటే జవాబు: "ఏం లేదు బిడ్డా, ఫిట్." ఆ మాట అంటూనే కొందరు గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేవారు.

సాయంత్రం డాక్టరమ్మ ఆ జవాబులన్నీ చదివారు. విసుక్కోలేదు.

"వీళ్లది అబద్ధం కాదమ్మా, అలవాటు. సర్వీసంత మెడికల్ పరీక్షలల్ల దగ్గు మింగుకొని నిలబడ్డోళ్లు. అన్‌ఫిట్ అంటె బాయి దిగనియ్యరు కద. మనం గూడ ఆ పరీక్షకే వచ్చినమనుకుంటున్నరు" అన్నారు. గనిని బాయి అనడం ఆమెకు ఇంట్లో వచ్చిన అలవాటు. వాళ్ల నాన్నదీ బాయి పనే.

మర్నాడు ఆమే నాతో వచ్చారు. మేం వెళ్లింది ఒక సర్దార్ ఇంటికి. గనిలో ఒక గ్యాంగు మంచిచెడ్డలన్నీ సర్దార్ చూసుకోవాలి. పైకప్పు అనుమానంగా ఉన్నా, మనిషి తేడాగా కనిపించినా పని ఆపించేది ఆయనే. పెద్దాయన బనియనుతోనే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. దమ్ము సంగతి అడిగాను.

"ఫిట్."

వంటగదిలోంచి ఆయన భార్య అందుకుంది. "ఫిట్టేనట. రాత్రంత మంచంల కూసొని ఊపిరితోని కొట్లాడుతడు. తను పండుకోడు, నన్ను పండుకోనియ్యడు."

"నువ్వు ఊకో. డాక్టరమ్మ ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్."

"పొద్దుగాల లేపితె లేవకపోతె ఎట్ల అని నా ఫికరు. నీకు ఇజ్జత్ కావాలె."

డాక్టరమ్మ ఫోను పక్కన పెట్టమని నాకు సైగ చేసి, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నారు.

"కాకా, మీ గ్యాంగుల ఎవలకన్న దమ్ము ఉంటుండెనా?"

ఆయన ముఖంలో బిగువు సడలింది. "ఎందుకు లేదు? ఒకడుండె, కలప మోసేటోడు. నాలుగడుగులేసి, టోపీ మీది లైటు సదురుకుంటున్నట్టు నిలబడుతుండె. మాట నడుమ..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "మాట నడుమ ఆగుతుండె. ఎవలకు తెల్వదనుకునేటోడు. నాకు తెల్వదా?"

అవ్వ గుమ్మంలోకి వచ్చి నవ్వింది. "వాని ముచ్చట చెప్తున్నవా, నీ ముచ్చటనా?"

"మరి ఆయన్ని ఏం జేసిన్రు?" అన్నారు డాక్టరమ్మ.

"బాయిలకెల్లి పైకి పంపిన, దవాఖానకు. కొట్లాడిండు. ఫిట్టే అన్నడు. ఇనలే. సర్దార్ చెప్పినంక ఎక్కవలసిందే."

'మరి మీ సంగతేంది?' అన్న మాట నా నాలుక చివర ఉంది. డాక్టరమ్మ మాత్రం ఆ మాట అనలేదు. పెద్దాయన చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నారు.

"అంటే, నన్ను పైకి పొమ్మంటున్నవు."

"నేనెవర్ని కాకా? ఇక్కడ సర్దార్ మీరే."

ఆయన భార్య వైపు తిరిగి, "నా తెల్లంగి యాడున్నదే?" అన్నారు.

"దవాఖానకు తెల్లంగెందుకు? పిల్లను చూడవోతున్నవా?" అంటూనే అవ్వ లోపలికి దాదాపు పరుగెత్తింది.

ఆటోలో నలుగురం వెళ్లాం. మా సర్వేలో ఆ పని లేదు. అయినా డాక్టరమ్మ ఆయన వెంట లైనులో నిలబడ్డారు. అక్కడి డాక్టర్లు పరీక్షలు చేసి ఆయన్ని కొన్నాళ్లు అక్కడే ఉంచుకున్నారు. ఊపిరితో లోపలికి గుంజుకునే ఇన్‌హేలర్ మందు ఇచ్చి, ఎలా గుంజాలో నేర్పి ఇంటికి పంపారు.

ప్రశ్నల వరుస మాత్రం ఆ రోజే మారింది. ముందు తోటివాళ్ల గురించి, తర్వాతే సొంత సంగతి. అప్పటినుంచి మగవాళ్లు మాట్లాడడం మొదలుపెట్టారు. ఒకరి దమ్ము గురించి ఇంకొకరు చెప్పి, నవ్వుకుని, చివరికి తమ దగ్గరికి వచ్చేవారు.

మిగిలిన ప్రశ్నల కోసం తర్వాత ఒక మధ్యాహ్నం సర్దార్ ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను. తట్టకముందే తలుపు తెరిచి ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"మెల్లగ బిడ్డా. అవ్వ పండుకున్నది. ఇన్నేండ్ల నిద్ర బాకీ తీర్సుకుంటున్నది."

ఇద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. దమ్ము ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నేను కొంచెం తటపటాయించాను.

"ఉన్నది. మందు గుంజుకుంటె తగ్గుతున్నది. గట్లనే రాసుకో" అన్నారాయన, అదీ గుసగుసగానే.